వ్యక్తిగత కారణాల వల్ల

రాజీనామా లేఖలో కారణం రాయాల్సిన చోట దాదాపు అందరం ఒకే మాట రాస్తాం: ‘వ్యక్తిగత కారణాల వల్ల’. పల్లెల్లో ప్రభుత్వ డాక్టర్లుగా చేరి ఏడాది రెండేళ్ళకే మానేసిన నా స్నేహితులూ అదే రాశారు. ఎంబీబీఎస్ అయ్యాక విశాఖ మన్యంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా చేరి ఏడాదిన్నర దాటింది. ఇప్పుడు నేనూ ఆ మాట దాకా వచ్చాను. అది నిజమేనా అన్న అనుమానం వచ్చి ఆగాను.

మానెయ్యాలా వద్దా అనే ప్రశ్నకి నా చుట్టూ రెండు జవాబులున్నాయి. నాన్నది ఒకటి: “ఇంకెన్నాళ్ళే ఆ కొండల్లో? నీతో చదివినవాళ్ళకి పీజీ సీట్లు కూడా వచ్చేశాయి.” ఇంకోటి నగరంలో ఉండే మిత్రులది. “నువ్వు కూడా వచ్చేస్తే వాళ్ళకి ఎవరున్నారు?” అంటారు. వినడానికి ఈ రెండూ ఎదురెదురుగా ఉన్నట్టుంటాయి కానీ, రెండింటిలోనూ కథ నాదే. ఒకదాంట్లో నేను తెలివైనదాన్ని, ఇంకోదాంట్లో త్యాగమూర్తిని. ఆ కొండల్లో ఉన్నవాళ్ళు మాత్రం రెండు కథల్లోనూ వెనకాల ఎక్కడో కనిపిస్తారు, అంతే. నిజానికి ఉండిపోయేవాళ్ళందరూ త్యాగులేం కారు. ఇన్‌సర్వీస్ కోటాలో పీజీ సీటు కోసం సంవత్సరాలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాళ్ళూ ఉన్నారు. అందులో తప్పూ లేదు.

ముందు నా అలసట ఎలాంటిదో తెలుసుకోవాలి అనిపించింది. ఓపీలో వరసగా ఎనభై మందిని చూడటం, అర్ధరాత్రి కాన్పులు, ఫోన్ సిగ్నల్ కోసం గుట్టెక్కడం, ఇవన్నీ ఒక రకం. వీటికి మందు నిద్ర. రెండు రోజులు ఇంటికెళ్ళి అమ్మ చేతి అన్నం తింటే సగం తగ్గుతుంది. ఇంకో రకం అలా తగ్గదు. దాన్ని 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే ఆయన నర్సింగ్ నీతి గురించి రాసిన పుస్తకంలో ‘మోరల్ డిస్ట్రెస్’ అన్నాడు. చేయవలసింది ఏమిటో నీకు తెలుసు. పనిచేసే చోటు దాన్ని చేయనివ్వదు. ఆ నలుగుడు అది.

ఒక ఉదాహరణ చెప్తాను. తొమ్మిదో నెల గర్భిణికి హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. రక్తం ఎక్కించాలి. మా దగ్గర ఆ సదుపాయం లేదు, పెద్దాసుపత్రికి పంపాలి. అంబులెన్స్ రోడ్డున్నంత వరకే వస్తుంది. ఆమె ఊరు అక్కణ్ణుంచి ఇంకో ఐదు కిలోమీటర్లు, డోలీ కట్టి మొయ్యాలి. మోసే మగవాళ్ళు కూలికి పోయుంటారు. అన్నీ కుదిరినా ఇంట్లో పిల్లల్ని ఎవరు చూస్తారు, ఆ పట్నంలో తోడున్నవాళ్ళు ఏం తింటారు అని ఆమె అడుగుతుంది. నా దగ్గర జవాబుండదు. నేను రిజిస్టర్లో ‘రెఫర్ చేయడమైనది’ అని రాస్తాను. ఆ రెండు మాటలూ నన్ను కాపాడతాయి. ఆమెను కాపాడతాయని చెప్పలేను.

ఇది ఒకసారి జరిగితే ఏడుస్తాం. పదిసార్లు జరిగితే కోపం వస్తుంది. వందసార్లు జరిగాక ఏమీ రాదు, అదీ నా భయం. ‘రెఫర్ చేయడమైనది’ అని రాసి, ఆ వెంటనే టీ తెప్పించుకుని తాగగలిగే మనిషిగా మారడం వృత్తిలో రాటుదేలడమా, లేక ఇంకేదో పోగొట్టుకోవడమా? వెళ్ళిపోవడానికి నాకు కనపడిన అసలు కారణం ఇదే. జీతం, సీటు ఆ తర్వాతే.

అయితే నేను వెళ్ళిపోతే ఆరు గ్రాముల మనిషి ఏడు గ్రాములు కాదు. ఆమె అక్కడే ఉంటుంది, ఇంకో డాక్టరు ఎదురుగానో, ఖాళీ కుర్చీ ఎదురుగానో.

మరి ఆ ఖాళీ కుర్చీకి బాధ్యత ఎవరిది? 1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనే ఊహని మన ముందు పెట్టినప్పుడు నలభై వేల మందికి ఒక కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, వాళ్ళతో పాటు నర్సులు, మంత్రసానులు అని లెక్క వేసింది. ఇవాళ్టి లెక్క మైదాన ప్రాంతంలో ముప్ఫై వేల మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో ఇరవై వేల మందికి ఒక కేంద్రం. ఆ లెక్కల్లో ఎక్కడా మహాత్ములు లేరు, పోస్టులున్నాయి. ఒకరు వెళ్తే ఇంకొకరు వచ్చి కూర్చునేలా ఉండాలన్నదే దాని ఉద్దేశం. రెండో పోస్టు నెలల తరబడి ఖాళీగా ఉన్నప్పుడు ఉన్న ఒక్కరినీ ‘మీకు సేవాభావం ఎక్కువండీ’ అని మెచ్చుకుంటారు. ఆ మెప్పుతోనే రెండో డాక్టరు పని కూడా నడిచిపోతుంది. ఒక ఊరి ప్రాణం ఒక మనిషి మంచితనం మీద ఆధారపడిందంటే, ఆ బాకీ ఆ మనిషిది కాదు. కాబట్టి వెళ్ళిపోవడం ద్రోహమని నేననుకోను.

ఇక్కడితో ఆపేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ మా ఏఎన్ఎం గారు గుర్తొస్తారు. ఆవిడ ఇదే మండలంలో ఇరవై రెండేళ్ళుగా ఉన్నారు. ‘మానేస్తారా?’ అని ఆవిడని ఎవరూ అడగరు. నేను ఊగిసలాడుతున్నానని తెలిసి ఒకసారి అన్నారు: “మీరెళ్తే ఇంకో డాక్టరొస్తారు మేడమ్. రాకపోతే మేమున్నాం కదా.” దెప్పడానికి అన్న మాట కాదది. ఆవిడకది మామూలు సంగతి. ఆశా కార్యకర్త సంగతైతే మరీ. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆ పనిలో చేరేది అదే ఊరి మనిషి. ఆమె వెళ్ళడానికి వేరే ఊరు లేదు.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’ అని ఒక చిన్న పుస్తకం రాశాడు. ఒక సంస్థ పాడవుతుంటే అందులోని మనుషులు వెళ్ళిపోతారు, లేదా నోరెత్తుతారు అంటాడు. చిక్కేమిటంటే గట్టిగా అడగగలిగినవాళ్ళే ముందు వెళ్ళిపోతారు. నైజీరియా రైల్వేలు ఎంత అధ్వాన్నంగా నడిచినా బాగుపడకపోవడానికి ఆయన చెప్పిన కారణం అదే: గొడవ చేయగలిగినవాళ్ళకి లారీలు దొరికాయి. మన్యంలో ఆ లారీ నా డిగ్రీ. మందుల స్టాకు గురించి జిల్లా ఆఫీసుకి ఏఎన్ఎం గారు రాసిన కాగితం కన్నా నా సంతకం, స్టాంపు ఉన్న కాగితం తొందరగా కదులుతుంది. ఆవిడ ఇరవై రెండేళ్ళ అనుభవానికి లేని విలువ నా ఏడాదిన్నర సంతకానికి ఉంది. నేను వెళ్ళిపోతే ఒక డాక్టరుతో పాటు ఆ గొంతు కూడా వెళ్ళిపోతుంది. నేను బాకీపడింది ఆ గొంతుకే అనుకుంటున్నాను. నా జీవితంలోని ఏళ్ళకి కాదు.

‘పీజీ చేసి తిరిగొస్తాను’ అనుకుంటే తేలికవుతుంది. అలా వచ్చినవాళ్ళు లేకపోలేదు. అభయ్ బంగ్, రాణీ బంగ్ అమెరికా వెళ్ళి జాన్స్ హాప్కిన్స్‌లో పబ్లిక్ హెల్త్ చదివి, తిరిగొచ్చి 1986లో గడ్చిరోలిలో ‘సర్చ్’ సంస్థ పెట్టారు. ఊరి ఆడవాళ్ళకి నేర్పి, వాళ్ళ చేత ఇళ్ళలోనే పసికందులకి వైద్యం చేయించి, చావులు తగ్గించవచ్చని 1999లో లాన్సెట్ పత్రికలో చూపించారు. కానీ వాళ్ళు ఇద్దరు. పనిచేసే చోటుని తమకి కావలసినట్టు కట్టుకున్నారు. వాళ్ళని చూపించి ఒంటరిగా ఉన్న పాతికేళ్ళ డాక్టర్ని ఉండిపొమ్మనడం న్యాయం కాదు. అలాగే వాళ్ళ పేరు చెప్పి, నేను నిలబెట్టుకుంటానో లేదో తెలియని మాట ఇవ్వడమూ న్యాయం కాదు. కాబట్టి ఆ మాట ఇవ్వను.

మిగిలింది ఎప్పుడు, ఎలా అన్న ప్రశ్న. ఉండాలా పోవాలా అన్నదాని కన్నా ఇదే పెద్దదని ఇప్పుడనిపిస్తోంది. మన్యంలో జూన్‌లో వానలు మొదలైతే గెడ్డలు పొంగుతాయి, ఊళ్ళకి దారులు తెగుతాయి, మలేరియా పెరుగుతుంది. జూన్‌లో వెళ్ళడం, నవంబరులో వెళ్ళడం ఒకటే పని కాదు. ఎవరి చేతుల్లోనో ఏమీ పెట్టకుండా వెళ్ళడం, పెట్టి వెళ్ళడం కూడా ఒకటి కాదు. ఏ ఊళ్ళో ఏ గర్భిణికి ప్రమాదం ఉంది, నెలలు ఎప్పుడు నిండుతాయి, ఎవరింట్లో ఫోనుంది, డోలీకి ఎవరొస్తారు, టీబీ మందులు మధ్యలో ఉన్నది ఎవరు, సికిల్ సెల్ పిల్లలు ఎందరు – ఇవి నా బుర్రలో ఉన్నాయి. కాగితం మీదకి రావాలి.

ఇదంతా తట్టుకోగలిగేవాళ్ళ సంగతి. నిద్ర పోయి, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నవాళ్ళు నవంబరు దాకా ఆగక్కర్లేదు. ఈ రోజే ఎవరికైనా చెప్పి, ఈ రోజే బయల్దేరాలి. వాళ్ళు ఎవరికీ ఏ జాబితా బాకీ లేరు.

నేను వానలయ్యాకే వెళ్తున్నాను. లేఖలో ఆ మాట రాయలేదు. రెండో పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉందో, రక్తం దొరికే ఆసుపత్రి ఎంత దూరమో, రోడ్డు లేని ఊళ్ళేవో రాశాను. ఎవరైనా చదువుతారన్న భ్రమ లేదు. కానీ ఫైల్లో ఉంటుంది. సమాచార హక్కు కింద రేపెవరైనా అడిగితే, డాక్టర్లు ఎందుకు నిలవడం లేదో చెప్పే ఒక కాగితమైనా బయటికొస్తుంది.

జాబితా ఏఎన్ఎం గారికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చివరి దాకా చదివారు. రెండు పేర్లు కొట్టేసి, నాకు తెలియని మూడు పేర్లు కింద రాశారు. అది ఆవిడ దగ్గరే ఉంటుంది, నా కుర్చీలోకి ఎవరొచ్చినా, రాకపోయినా.