కుండా, కుమ్మరీ, పుట్టా

ఉదయనాచార్యుడి గురించి ఒక కథ చెప్తారు. ఆయన పూరీ జగన్నాథుణ్ణి చూద్దామని అంత దూరం నుంచి వస్తే గుడి తలుపులు మూసున్నాయట. ఆయనకి కోపమొచ్చింది. రేపు బౌద్ధులు వాదానికి దిగితే నువ్వున్నావని నిలబెట్టాల్సింది నేనే, గుర్తుంచుకో అని దేవుణ్ణే దబాయించాట్ట. నిజంగా జరిగిందో లేదో గానీ, ఈ కథ ఒక చిక్కు ప్రశ్నని మనకి వదిలేస్తుంది. తర్కం నిలబెడితే తప్ప నిలబడని దేవుడు, దేవుడేనా?

సుమారు వెయ్యేళ్ళ క్రితం మిథిలలో ఉదయనుడు రాసిన న్యాయకుసుమాంజలిలో బాగా ప్రసిద్ధమైన వాదం ఇది. కుండ ఒకప్పుడు లేదు, తర్వాత వచ్చింది. కనక అది కార్యం. కార్యానికి కర్త ఉంటాడు. భూమీ మొలకా కూడా కార్యాలే కాబట్టి వాటికీ కర్త ఉండాలి. అది మనుషుల వల్ల అయ్యే పని కాదు కనక, ఆ కర్త ఈశ్వరుడు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో కూడా ఇదే వాదం కనిపిస్తుంది.

దీనికి దెబ్బ ఉదయనుడు పుట్టక ముందే పడింది. 7వ శతాబ్దపు బౌద్ధుడు ధర్మకీర్తి పుట్టని చూపించాడు. అదీ మట్టే, దానికీ ఒక ఆకారముంది. అంతమాత్రాన పుట్టని కుమ్మరి చేశాడంటామా? కుండలు చేసేవాళ్ళని చూశాం కనక కుండని చూస్తే కుమ్మరి గుర్తొస్తాడు. రెంటినీ 'కార్యం' అనే ఒక్క మాటతో పిలిచినంత మాత్రాన, కుండ దగ్గర కుదిరిన నమ్మకం కొండ దగ్గర కుదరదు.

మరి గట్టు మీద ఎవరూ నాటకుండా మొలిచిన గడ్డి సంగతేమిటి అని అడిగితే నైయాయికుల దగ్గర జవాబుంది. అసలు వివాదమే దాని గురించి కదా, దాన్నే ఎదురు ఉదాహరణగా ఎలా తెస్తావంటారు. న్యాయమే. కాకపోతే ఆ లెక్కన వాళ్ళకీ గడ్డి సాక్ష్యం చెప్పదు. మిగిలేవి మనుషులు చేసిన కుండలూ, కట్టిన ఇళ్ళూ మాత్రమే.

ఆశ్చర్యమేమిటంటే, ఈ వాదాన్ని ఒప్పుకోనివాళ్ళంతా నాస్తికులు కారు. వేదానికీ యజ్ఞానికీ కట్టుబడ్డ కుమారిలభట్టు సృష్టికర్త అక్కర్లేదన్నాడు. విష్ణుభక్తుడైన రామానుజుడు శ్రీభాష్యంలో, మూడో బ్రహ్మసూత్రం దగ్గర, ఈ అనుమాన ప్రమాణాన్ని విడదీసి పారేశాడు. పెద్ద కట్టడాల్ని ఎంతోమంది కలిసి కడతారు. మరి జగత్తుకి ఒక్కడే కర్త అని ఎలా తేలింది? మనం చూసిన కర్తలందరికీ శరీరాలున్నాయి. శరీరం లేని కర్త ఎక్కణ్ణుంచి వచ్చాడు? ఈశ్వరుణ్ణి శాస్త్రం వల్లే తెలుసుకోగలం, అనుమానం వల్ల కాదని ఆయన తేల్చాడు.

నన్ను ఆకట్టుకునేది ఇక్కడే. ఆ వాదం ఎక్కడికి చేరాలని చూస్తోందో రామానుజుడికి అది ప్రాణంతో సమానం. అయినా, మనవైపు వాదమే కదా, పోనీలే అనుకోలేదు. ఇష్టమైన ముగింపు కోసం పసలేని హేతువుని మొయ్యకపోవడం ఎంత కష్టమో, ఏ చర్చలో కూర్చున్నా తెలుస్తుంది.

అలాగని ఆయన దారిలో చిక్కు లేదా అంటే, ఉంది. శాస్త్రాన్నే ఒప్పుకోనివాడితో ఏం మాట్లాడతాం? నీకొక శాస్త్రముంటే నాకొకటుందని వాడంటే మాట అక్కడితో తెగిపోతుంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉండేది తర్కమొక్కటే. ఉదయనుడి అవసరం అది.

కానీ ఆ తర్కం నెగ్గినా దక్కేది ఒక 'కర్త' మాత్రమే. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న తల్లి మొక్కుకునేది భూమికి కర్త ఉండి తీరాలన్న నిర్ణయానికి కాదు. తన గోడు వినేవాడికి. వాదం ఓడిందని చెప్పినా ఆమె మొక్కు మానదు, నెగ్గిందని చెప్పినా ఆమె భయం పోదు.

ఉదయనుడికి ఇది తెలీదనుకోను. అందరూ ఏదో ఒక రూపంలో కొలుస్తూనే ఉన్నారు, ఇంక సందేహమెక్కడిదని మొదట్లో ఆయనే అంటాడు. మరెందుకీ పుస్తకం? ఈ విచారణ మననం, శ్రవణం తర్వాత చేసే ఉపాసన అంటాడు. అందుకే దాని పేరు పూల దోసిలి. చివర్న, ఇంత చెప్పినా కరగని గుండెల గురించి దేవుడికి విన్నవించుకుంటాడు. వాళ్ళూ ఎదిరిస్తూనే నిన్ను తలుచుకున్నారు, ఎప్పటికైనా వాళ్ళనీ దాటించమంటాడు.

గుడి తలుపు ముందు దబాయించిన మనిషేనా ఇలా వేడుకునేదీ అనిపిస్తుంది. తన వాదంతో అందరూ ఒప్పుకుని తీరతారనుకున్నవాడైతే, ఒప్పుకోనివాళ్ళ కోసం ఆ ప్రార్థన చెయ్యనక్కర్లేదు.