చిత్తు ఎవరిది? సంతకము ఎవరిది?

ఇంగ్లీషు నేర్వవలయునా వలదా యను వాదము మన హొసకోటె తెలుగు కుటుంబములలో ఏనాడో ముగిసినది. ఇంట తెలుగు, వీధిలోను బడిలోను కన్నడము, ఉద్యోగమునకు ఇంగ్లీషు. మన బిడ్డలు ఈ మూడింటి నడుమ పెరుగుచున్నారు. కర్ణాటక ప్రభుత్వము 2007లో సర్కారు బడులయందు ఒకటవ తరగతి నుండియే ఇంగ్లీషును ఒక భాషగా ప్రవేశపెట్టినది. ప్రాథమిక పాఠశాలలపై మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధముగా రుద్దరాదని సుప్రీంకోర్టు 2014 మే నెలలో తీర్పు చెప్పినది. కావున, ఎట్లు నేర్వవలయును అనునదియే నేటి ప్రశ్న. దాని వెనుక మరియొకటి దాగియున్నది. నేర్చుట వేరు, నేర్చినట్లు కనబడుట వేరు. ఈ రెంటి నడుమ గీత యెక్కడ గీయవలయును?

సాధనములకు నేడు కొదువ లేదు. బి.బి.సి. వారు 1943లోనే రేడియోలో ఇంగ్లీషు పాఠములు ఆరంభించిరి. నేడు వారి పాఠములు ఫోనులోనే ఉచితముగా లభించుచున్నవి. 2019లో గూగుల్ సంస్థ పిల్లలచే బిగ్గరగా చదివించి, తప్పు పలికిన మాటను దిద్దు సాధనము నొకదానిని ‘బోలో’ అను పేర మన దేశమున విడుదల చేసినది. 2020లో కరోనా వలన బడులు మూతబడినప్పుడు దూరదర్శన్ చందనలో ‘సేతుబంధ’ పాఠములు ప్రసారమైనవి. ఫోను లేని యింటి పిల్లలకు నాడు అదియే బడి.

ఈ సాధనముల మేలును మేము తక్కువ చేయము. మన పిల్లలకు ఇంగ్లీషు రాకపోవుటకు తెలివి లేమి కారణము కాదు, సిగ్గు కారణము. తెలుగు మాట అచ్చుతో ముగియుట అలవాటు. అందుచే ‘బస్’ మన నోట ‘బస్సు’ అగును, ‘కార్’ ‘కారు’ అగును. పట్టణపు బడిలో ఆ చివరి ఉకారము వినగానే వెనుక బల్లవారు నవ్వుదురు. ఒక్క పర్యాయము నవ్వులపాలైన బాలుడు ఏడాది పొడవునా నోరు విప్పడు. యంత్రము నవ్వదు. ఇరువది మార్లు తప్పు పలికినను ఇరువదియొకటవ మారు అదే స్వరముతో మరల చెప్పును. ఇంతటి ఓర్పు ఏ ఉపాధ్యాయునికి కలదు? ఏ అన్నగారికి కలదు?

కడపలో పనిచేసిన బ్రౌను దొరకు తెలుగు నేర్చుటకు ఇట్టి సాధనములు దొరకలేదు. పండితులకు జీతములిచ్చి, వ్రాతప్రతులు సేకరించి, తన సాధనములను తానే కల్పించుకొనెను. 1840లో ఆయన వ్యాకరణమును, 1852 ప్రాంతమున నిఘంటువులును వెలువడినవి. తెలుగు నేర్చు దొరలకై పుట్టిన ఆ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయము వారు అంతర్జాలమున నుంచిరి. నేడది ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకును ఉపకరించుచున్నది.

అయితే నిఘంటువు మాటకు అర్థము చెప్పునే గాని, మన తరఫున జాబు వ్రాయదు. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన పిమ్మట, జాబు మొత్తము వ్రాసిపెట్టు యంత్రము సామాన్యుని చేతికి వచ్చినది. ఇది మోసమని కొందరు పెద్దలు కోపించుచున్నారు. వారితో మేము పూర్తిగా ఏకీభవింపజాలము. ఇంగ్లీషు చదివిన తండ్రి గల యింట, బిడ్డ వ్యాసమును తండ్రి దిద్దిపెట్టుట తరతరములుగా జరుగుచున్నదే. దానిని మోసమని ఎవ్వరును అనలేదు. ఆటో నడుపు తండ్రి యింట, పూలు కట్టు తల్లి యింట అట్టి సాయము లేకుండెను. ఇన్నాళ్ళకు వారికిని ఒక చదువుకొన్న బంధువు దొరకినట్లయినది. అది వారికి మాత్రమే తప్పెట్లగును?

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, ముప్పది యేండ్లకు మించి గుమాస్తాగిరీ చేసితిమి. మా పని చిత్తులు వ్రాయుట. మా చిత్తుపై అధికారి సంతకము పడినంతనే అది అధికారి జాబగును. ఇందు అసత్యమేమియు లేదు. ఏలన మంచి అధికారి సంతకమునకు ముందు చదువును, ఒక మాట కొట్టివేయును, ‘ఇది ఏ నియమము ప్రకారము?’ అని అంచున వ్రాసి ఫైలును త్రిప్పి పంపును. రేపు పైవారు అడిగినచో జవాబు చెప్పవలసినది తానేయని ఆయనకు తెలియును. చదువక సంతకము చేయువారును ఉండిరి. ఒక కచేరీలో టైపు చేసినవారి పొరపాటున సర్వే నంబరులో ఒక అంకె మారినది. చూడకయే సంతకము పడినది. ఆ రైతు తన భూమి తనదేయని చెప్పుకొనుటకు నెలల తరబడి తిరిగెను. చిత్తు ఇతరులది యగుట అక్కడ దోషము కాదు; సంతకము చేసినవారు దానిని ఎరుగకపోవుటయే దోషము.

మా వీధి బాలిక యొకతె బి.కాం. ముగించి, ఉద్యోగపు దరఖాస్తును ఫోనులో వ్రాయించి మాకు చూపినది. ఇంగ్లీషు నిగనిగలాడుచుండెను. అందు ‘ప్రూవెన్ ట్రాక్ రికార్డ్’ అని యుండెను. అర్థమేమని యడుగగా, “రైలుపట్టాల సంగతేమో, తాతా!” అని నవ్వినది. నిజమునకు ఆమె రెండేండ్లు మేనమామ కిరాణా అంగడి లెక్కలు వ్రాసినది. జి.ఎస్.టి. పత్రములు తానే పూర్తిచేసినది. ఆ జాబులో ఆ సంగతి ఒక్క ముక్కయు లేదు! యంత్రమునకు ఆమె చెప్పలేదు, అది అడుగలేదు. ఆ సాయంకాలము ఆమెచే మొదట తెలుగులో చెప్పించి, పిదప వచ్చిన ఇంగ్లీషులో వ్రాయించి, తప్పులు మాత్రమే దిద్దుమని యంత్రమును కోరుమంటిమి. నాలుగు వాక్యములకు రెండు గంటలు పట్టినది. ఉద్యోగము వచ్చినదా యని పాఠకులు అడుగుదురు. ఆ మారు రాలేదు. కాని అడిగిన ప్రతి ప్రశ్నకును జవాబు చెప్పితినని వచ్చి చెప్పినది.

ఈ జాడ్యము యంత్రముతో పుట్టినది కాదు. మద్రాసు సదరు కోర్టులో 1815 నుండి 1829 వరకు అనువాదకులుగా నుండిన వెన్నెలకంటి సుబ్బారావుగారు ఇంగ్లీషులో స్వీయచరిత్ర వ్రాసిన తెలుగువారు. బడిపిల్లలు అర్థము తెలియకయే వల్లెవేయుచున్నారని ఆయన 1820 నాడే మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి నివేదించిరి. నాడు పంతులు వల్లెవేయించెను, నేడు యంత్రము వ్రాసిపెట్టుచున్నది.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు దీనిని ఎట్లు కనిపెట్టగలరని కొందరు మమ్ము అడిగిరి. వారికి ఇంగ్లీషు అక్కరలేదు. బిడ్డ చేతి కాగితమును చూపి, “ఇందులో ఏమున్నదిరా, నాకు చెప్పు” అని వంటింటి గడపలో నిలిపి అడిగిన చాలును. తెలుగులో విప్పి చెప్పగలిగినచో ఆ వాక్యము బిడ్డదే. చిత్తు ఎవరు వ్రాసిననేమి? చెప్పలేక నట్టినచో కాగితమును మరల యంత్రము వద్దకు పంపి, తెలియని మాట లేవో అడిగి తెలిసికొని రమ్మనవలెను. మా మనుమలవలె కొందరు సగము తెలుగులో మొదలిడి సగము కన్నడములో ముగింతురు. దానికి మాకు అభ్యంతరము లేదు. హొసకోటెలో ఏ తెలుగు తల్లికిని ఆ కన్నడము తెలియకపోదు.