పొరుగువాని చెవి మీద మనకు హక్కుందా?



"నా డబ్బు, నా బండి, నా ఇష్టం" అనే మాట ఈ రోజుల్లో మన ఇళ్లలో తరచుగా వినబడుతోంది. కొడుకు కొత్త బండి కొంటాడు. నెల తిరగకముందే కంపెనీవారు బిగించిన సైలెన్సర్ తీయించి, ఎక్కువ మోత చేసేది పెట్టిస్తాడు. ఇదేమిటని తండ్రి అడిగితే పై జవాబే వస్తుంది. ఆ జవాబులో తప్పేముంది? అతడు ఎవరి సొమ్మూ దొంగిలించలేదు, ఎవరి మీదా చేయి చేసుకోలేదు. మరి ఇది నీతికి సంబంధించిన విషయమేనా, లేక పెద్దవాళ్ల చాదస్తమా? ఈ వారం ఈ ప్రశ్నను గురించి కలిసి ఆలోచిద్దాం.

ఒకప్పుడు ఈ సరదా ఎక్కువగా బుల్లెట్ మోటారు సైకిళ్ల మీద కనిపించేది. ఇప్పుడు థార్, స్కార్పియో, ఫార్చూనర్ వంటి పెద్ద బండ్లకూ పాకింది. మెర్సిడెస్ జి 63, లాంబోర్గిని ఉరుస్ వంటి అతివేగపు బండ్లు కొనగలిగినవారికయితే స్లొవేనియా దేశపు అక్రపోవిచ్ వంటి కంపెనీలు టైటానియంతో చేసిన పొగగొట్టాలను అమ్ముతున్నాయి. వాటి ఖరీదు లక్షల్లో ఉంటుంది. మన కర్నూలు, కడప పట్టణాల్లో అంత ధర పెట్టేవారు అరుదు. కాని కొన్ని వేలతో మెకానిక్ షెడ్డులో గొట్టం మార్పించుకొనే యువకుని కోరికా, లక్షలు పోసే ధనవంతుని కోరికా ఒక్కటే.

ముందుగా ఆ శబ్దం ఎక్కడి నుండి వస్తుందో తెలుసుకుందాం. ఇంజనులో ఇంధనం మండిన ప్రతిసారీ వేడి వాయువు ఒత్తిడితో బయటకు తన్నుకొస్తుంది. నిమిషానికి 3000 సార్లు తిరిగే 8 సిలిండర్ల ఇంజనులో ఇటువంటి పేలుళ్లు సెకనుకు 200 జరుగుతాయి. సైలెన్సర్ లోపల ఉండే చిన్న చిన్న గదులు, రంధ్రాల గొట్టాలు ఆ శబ్దతరంగాలను ఒకదానితో ఒకటి ఢీకొట్టించి అణచివేస్తాయి. ఆ గదులను తీసేసి నేరుగా గొట్టం వేస్తే శబ్దం యథాతథంగా వీధిలోకి వస్తుంది. కొందరు పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కూడా తీసేయిస్తారు. అప్పుడు చెవులతో పాటు ఊపిరితిత్తులూ నష్టపోతాయి.

మంచి ఇంజను శబ్దంలో ఆనందం లేదని నేను అనను. యంత్రాన్ని ప్రేమించేవాడు దాని చప్పుడును బట్టి ఆరోగ్యాన్ని చెప్పగలడు. ఆ ఇష్టం పాపం కాదు. ప్రశ్న అంతా ఒక్కటే. ఆ ఆనందం ఒకరిది, దాని ఖర్చు ఎవరిది?

మన సీమ వేసవి మీకు తెలియనిది కాదు. పగలు నిప్పులు చెరిగిన ఎండకు గోడలు కాలి, రాత్రి ఇంట్లో పడుకోలేక ఎంతమంది మిద్దెల మీదికి చేరుతారో చూస్తూనే ఉన్నాం. ఏసీ పెట్టుకొని కిటికీలు మూసుకోగలిగినవాడికి వీధి మోత కొంత తగ్గి వినిపిస్తుంది. మిద్దె మీద చాప పరుచుకొన్న కూలివాడికీ, చంటిబిడ్డను నిద్రపుచ్చుతున్న తల్లికీ ఆ అడ్డు లేదు. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మంచం పట్టినవారు లేచి వెళ్లి ఎవరినీ అడగలేరు. అంటే ఈ సరదాకు ఎక్కువ ధర చెల్లిస్తున్నది ఉన్నవారిలో అందరికంటే లేనివారు. వారి అనుమతి ఎవరూ అడగలేదు.

ఇందులో లెక్కలు కూడా ఉన్నాయి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించరాదు. శబ్దం 10 డెసిబెల్స్ పెరిగితే దాని శక్తి 10 రెట్లవుతుంది, మన చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. వాహనాల రొద నిద్రను చెడగొడుతుందనీ, గుండెజబ్బులకు దారితీయవచ్చనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ దేశాల కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో హెచ్చరించింది.

"అయితే బోరు బండి మోతను ఎందుకు తప్పు పట్టరు?" అని మీ అబ్బాయి అడగవచ్చు. ఇది మంచి ప్రశ్న. మన పల్లెల్లో బోరు వేసే యంత్రం రాత్రంతా హోరెత్తినా సామాన్యంగా ఎవరూ విసుక్కోరు. నీళ్లు పడతాయేమోనని చుట్టుపక్కలవారు కూడా చెవి ఒగ్గి వింటారు. బేతంచెర్ల వైపు నాపరాళ్లు కోసే యంత్రాల సద్దు కూడా తక్కువ కాదు. కాని అక్కడ శబ్దం పనికి తోడుగా వస్తుంది. రాయి సద్దు లేకుండా తెగితే ఆ యజమాని సంతోషిస్తాడు. సైలెన్సర్ మార్పించినవాడి సంగతి అలా కాదు. అతనికి శబ్దమే సరుకు. కాబట్టి ఎంత శబ్దం అన్నది ఒక్కటే కాక, ఎందుకు శబ్దం అన్నది కూడా నీతి అడిగే ప్రశ్న. పనికి తప్పని శబ్దాన్ని పొరుగువాడు ఓర్చుకుంటాడు. కోరి చేసిన శబ్దాన్ని ఓర్చుకొమ్మని అడగడానికి మన దగ్గర కారణం ఏముంది?

ఇక్కడ ఒక చిన్న పరీక్ష చెబుతాను. 2011లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ తెచ్చిన ఎం 5 కారులో ఇంజను శబ్దాన్ని లోపలి స్పీకర్ల ద్వారా నడిపేవానికి వినిపించే ఏర్పాటు చేశారు. అటువంటి సదుపాయం మీ బండిలో ఉందనుకోండి. మీకు కావలసినంత గర్జన మీకే వినబడుతుంది, బయట ఎవరికీ వినబడదు. మీకు తృప్తేనా? "తృప్తే" అంటే మీరు ప్రేమించింది శబ్దాన్ని. "అలాగయితే ఏం లాభం?" అనిపిస్తే మీకు కావలసింది శబ్దం కాదు. నలుగురూ తలతిప్పి చూడడం. నలుగురి దృష్టినీ వారి ఇష్టంతో పని లేకుండా లాక్కోవడం.

మన సీమవాళ్లకు బండి మోతతో మరొక పాత జ్ఞాపకం ముడిపడి ఉంది. ముఠా కక్షలు రగిలిన సంవత్సరాల్లో అర్ధరాత్రి జీపుల సద్దు వినిపిస్తే తలుపులు బిగించుకొన్న పల్లెలున్నాయి. ఆ సద్దుకు అర్థం, "మేము వస్తున్నాం, తప్పుకోండి" అని. 1999లో విడుదలైన సమరసింహారెడ్డి తర్వాత వరుసకట్టిన ఫ్యాక్షన్ సినిమాలు దుమ్ము లేపుతూ దూసుకొచ్చే సుమోలను వీరత్వానికి గుర్తుగా చూపించాయి. మన యువకులు కత్తి పట్టలేదు, అందుకు సంతోషం. కాని సద్దుతో వీధిని లొంగదీసుకోవడమే మగతనం అన్న భావం ఆ కాలం నుండి కొంత మిగిలిపోలేదా? భయపెట్టి తీసుకొన్న దృష్టి గౌరవం కాదని మన పెద్దలు ఎంతో నష్టపోయి నేర్చుకొన్నారు. బిడ్డలకు ఆ పాఠం అందాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. కంపెనీ నిర్ణయించిన రూపాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది. శబ్ద నియమాలను మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఇటువంటి సైలెన్సర్లను ఊడదీసి రోడ్డు రోలరుతో తొక్కించారు. అయితే పోలీసు భయంతో మానేసినవాడు పోలీసు లేనిచోట మళ్లీ మొదలుపెడతాడు. పొరుగువానిని తలచుకొని మానేసినవాడికి కాపలా అక్కరలేదు.

యువకులను మందలించేముందు మన ఇల్లు కూడా చక్కబెట్టుకోవాలి. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు ముందుకు చెన్నై నగరంలోని ఒక క్రైస్తవ సంఘం మైకుల గొడవ వచ్చింది. ఇతరుల ప్రశాంతతను భంగపరచి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు. 2005లో మరొక తీర్పులో, శబ్దం చేయడం నా స్వేచ్ఛ అని చెప్పి ఇతరులు ప్రశాంతంగా బ్రతికే హక్కును హరించరాదన్నారు. మన విచారణ పండుగల్లో, తేరు ప్రదక్షిణల్లో మైకులూ పటాసులూ ఏ గంట దాకా మోగుతున్నాయి? గుడి పక్కన ఉండే అన్యమతస్థుని ఇంట్లో ముసలివారున్నారా అని ఎప్పుడైనా కనుక్కొన్నామా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొన్న తర్వాతే మన మాటకు బిడ్డల దగ్గర విలువ ఉంటుంది.

తల్లిదండ్రులారా, కొడుకు సైలెన్సర్ మార్పిస్తానంటే వెంటనే కేకలు వేయకండి. కేకతో మోతను ఆపలేం. పక్కన కూర్చోబెట్టుకొని పైన చెప్పిన పరీక్ష అడిగి చూడండి. నలుగురూ తనను గుర్తించాలన్నదే అతని ఆశ అయితే, ముందు ఇంట్లో అతని మాట ఎవరైనా వింటున్నారా అని ఆలోచించండి. ఇంట్లో విననివారి వల్లనే కొందరు వీధిలో అరుస్తారు.

మెకానిక్ సోదరులారా, "నేను కాదంటే ఇంకొకడు చేస్తాడు" అన్నది నిజమే. అయినా మీ చేతి పని ఏ వీధిలో ఎవరి నిద్ర పాడుచేస్తుందో ఒక్క మాట గిరాకీతో చెప్పడం మీ చేతిలోనే ఉంది.

యువకులారా, బండిని ప్రేమించండి. దాన్ని శుభ్రంగా ఉంచుకోండి, ఇంజను సంగతులు నేర్చుకోండి. రాత్రి పది దాటాక మీ వీధి మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఆక్సిలరేటరు మీద కాలు కొంచెం తేలిక చేయండి. మిద్దెల మీద పడుకొన్నవారికి మీరు వచ్చిన సంగతి తెలియదు, మీకు ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. ఎవరూ చూడకుండా పొరుగువానికి చేసిన మేలు అంటే అదే.