లాంగ్ టర్మ్‌కు పోయే ముందు

సిద్దిపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2018లో మొదలైంది. ఊళ్లోనే కాలేజీ కనబడుతుంటే, నీట్‌లో సీటు అందని బిడ్డల మనసు ఊరుకోదు, ఇంట్లో మళ్లీ ఏడాదిపాటు లాంగ్ టర్మ్ కోచింగ్ మాట వస్తుంది. హైదరాబాద్ హాస్టల్‌కు ఫీజు కట్టే ముందు మార్కుల కాగితం ముందేసుకోండి. 720లో బయాలజీవే 360. అవి బాగా వచ్చి ఫిజిక్స్‌లో పోయినవాళ్లు ఏడాదంతా అన్నీ మొదటి నుంచి వినడం దండగని నా నమ్మకం. ఇంటిపట్టునే ఉండి, ఒక మంచి ఫిజిక్స్ సారును చూసుకోవచ్చు. తొందరేమీ లేదు, నీట్‌కు గరిష్ఠ వయసు నిబంధనను 2022లోనే తీసేశారు.

ఇంటి దగ్గరున్న ఆ ఏడాదిలో బిడ్డను వారానికో పూట పెద్దాసుపత్రికి పంపండి. ఓపీ దగ్గర ముసలివాళ్లకు చీటీ రాయించి, డాక్టర్ గది దాకా తోడుండమనండి. ఆసుపత్రి పని మనసుకు పడుతుందో లేదో అక్కడే తెలుస్తుంది. పడలేదని బిడ్డ చెబితే కోప్పడకండి అమ్మా. బైపీసీ చదివినవాళ్లకు ఈఏపీసెట్‌తో వ్యవసాయ బీఎస్సీ దారి కూడా ఉంది.