వంటింటికి కిటికీ

మా అక్క కూతురు రాజమండ్రి వచ్చినప్పుడు లాప్‌టాప్ తెరిచి "చూడు పిన్నీ, మీ అమ్మమ్మ గారిల్లు" అంది. ఆర్కిటెక్చర్ చదివి ఉద్యోగం చేస్తోంది. 2022లో వచ్చిన మిడ్‌జర్నీలో 'కోనసీమ మండువా లోగిలి' అని టైపు చేస్తే నిమిషంలో నాలుగు బొమ్మలొచ్చాయట. పెంకుటి కప్పు, చెక్కిన స్తంభాలు, నడిమధ్య వాన పడే మండువా, ఉయ్యాల బల్ల, తులసికోట. నాకు కాసేపు గొంతు పట్టేసింది.

తర్వాత గమనించాను. నాలుగింటిలోనూ ఇల్లు వీధి అరుగు నుంచి మండువా దాకానే ఉంది. అమ్మమ్మ బతుకంతా గడిచింది ఆ వెనక, కిటికీ లేని వంటింట్లో. పొగ పెంకుల సందుల్లోంచి పోవాల్సిందే. ఇల్లు కట్టేటప్పుడు కిటికీ కావాలని ఆవిడ మేస్త్రీని అడిగిందట. పరాయి మగాళ్ల కంట పడతారని తాతయ్య వద్దన్నాడు. ఎన్నో ఏళ్లకి కప్పులో ఒక అద్దం పెంకు పెట్టించుకుంది. 1986 ఆగస్టు వరదలో అందరం ఎక్కి కూర్చున్న అటకకి నిచ్చెన ఆ వంటింట్లోంచే. దాని వెనక, నెలకి మూడు రోజులు కూర్చునే వసారా. వీటినెవరూ ఫొటో తీయలేదు.

యంత్రం కోట్ల బొమ్మలు చూసి నేర్చుకుంటుందంటారు. ఎవరు తీసినవి, ఎటు నిలబడి తీసినవి? లోగిలిని పేడతో అలికిన కూలి స్త్రీల తాటాకిళ్లు అందులో ఎన్ని ఉంటాయి?

అనుకరణ నాకు పెద్ద అభ్యంతరం కాదు. మేస్త్రీలూ పక్కూరి ఇల్లు చూసే కట్టారు. (బొమ్మ చూసి మురిసిపోవడమూ కొత్త కాదు. 2017లో అమరావతి అసెంబ్లీకి నార్మన్ ఫోస్టర్ సంస్థ నమూనాల మీద మన ప్రభుత్వం సినిమా దర్శకుడు రాజమౌళి సలహా తీసుకుంది.) కానీ మేస్త్రీ ఎదురుగా నిలబడి 'ఊపిరాడదు' అని అమ్మమ్మ అనగలిగింది. ఓడిపోయింది, సరే. పోట్లాట మాత్రం జరిగింది. నిమిషంలో పూర్తయి వచ్చేసిన ఇంటి ముందు ఆ పోట్లాటకి చోటేది? ఆఫీసులో మా పిల్లకిచ్చే గడువుల్లో, ఆ ఇంట్లో వండబోయే మనిషిని అడిగే పూట అసలు లేదు.

ఇదంతా విని అది 'వంటిల్లు' అని కూడా టైపు చేసింది. కట్టెల పొయ్యి ముందు పట్టుచీరలో నవ్వుతూ ఒకావిడ ప్రత్యక్షమైంది. ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత అది కాగితం, పెన్సిలు తీసి "పొయ్యి ఎటుండేది పిన్నీ? కిటికీ ఎటు అడిగింది ఆవిడ?" అంది.

పొయ్యి ఆగ్నేయం మూల. కిటికీ ఎటు అడిగిందో నేనెప్పుడూ కనుక్కోలేదు. అక్కకి ఫోన్ చేశాం. తనకీ తెలీదు.