తెలియకపోవటం ఎవరి తప్పు?

నగరాల్లో ఉండే జనానికి తమ నగరపాలన గురించి ఏమీ తెలియదనీ, తెలుసుకోవాలనే కోరిక కూడా వాళ్లకు లేదనీ చదువుకున్నవాళ్లు తరచు అంటూ ఉంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. 2020 డిసెంబరులో హైదరాబాదు కార్పొరేషనుకు ఎన్నికలు జరిగితే ఓటర్లలో సగంమంది కూడా ఓటు వెయ్యలేదు. తమ వార్డు నంబరు చెప్పలేని పట్టభద్రులు మనకందరికీ తెలిసినవాళ్లే. అయితే ఈ వస్తుస్థితి నుంచి పెద్దమనుషులు ఒక సిద్ధాంతం లాగుతారు: జనానికి ఆసక్తి లేదు గనక వాళ్లకు తెలియదు; తెలియనివాళ్లను సంప్రతించి లాభం లేదు గనక పాలన తెలిసినవాళ్ల చేతిలో ఉండటమే మేలు. ఇందులో కార్యాన్ని తెచ్చి కారణం స్థానంలో కూచోబెట్టారని నా అనుమానం.

జనానికి ఆసక్తి ఉన్నదో లేదో తేల్చుకోవాలంటే ఏ బస్తీలోనన్నా తెల్లవారుజామున కుళాయి దగ్గర కాసేపు నిలబడితే చాలు. నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా. ఎన్నింటికి వస్తాయి, ఎంతసేపు వస్తాయి. ముందు బురదనీళ్లు వస్తే పై వీధిలో గొట్టం పగిలిందా, లేక ఎక్కడన్నా మురికి కలిసిందా. ఏ ఇంట్లో మోటారు పెట్టి లాగుతున్నారు. వాల్వు తిప్పే మనిషి ఇవాళ సెలవు పెట్టాడా – ఇవన్నీ అక్కడి ఆడవాళ్లకు తెలుసు. ఇంజనీరుకు కాగితం చూస్తేగాని తెలియని విషయం వాళ్లకు బిందె నిండే వేగాన్ని బట్టి తెలుస్తుంది. ఇది నగరపాలనకు సంబంధించిన విజ్ఞానం కాదనటానికి వీల్లేదు.

మరి ఇంత తెలిసిన మనుషులకే ఆ గొట్టం మార్చటానికి ఎంత సొమ్ము మంజూరైందో, ఏ కాంట్రాక్టరుకు ఇచ్చారో, పని ఎప్పటికి పూర్తి కావాలో తెలియదు. బుద్ధిలో లోపం లేదు, అవసరంలోనూ లోపం లేదు. తేడా ఎక్కడున్నదంటే, నీళ్ల వేళ తెలిస్తే ఆ తెలివిడిని బట్టి వెంటనే ఏదో ఒకటి చెయ్యవచ్చు. అరగంట ముందు లేవవచ్చు, పొరుగావిణ్ణి లేపవచ్చు, వాల్వు మనిషిని నిలబెట్టి అడగవచ్చు. టెండరు సంగతి తెలిస్తే చెయ్యటానికి ఏమీ లేకుండా కట్టుదిట్టం చేసి ఉన్నది. ఏమీ చెయ్యటానికి వీల్లేని సంగతుల్ని మనిషి పట్టించుకోకపోతే అది అతని సోమరితనమని ఎలా అంటాం? అధికారంలో భాగం లేనివాడికి సమాచారం మీద ఆపేక్ష కలగకపోవటం సహజమే.

అయితే "తెలియకపోవటం" అనేది నగరంలో అందరికీ సమానంగా ఉండదన్న విషయం కూడా గమనించాలి. నాకు ఇది మా వీధిలోనే బోధపడింది. ఒకనాడు పొద్దున లేచేసరికి మా వీధిలో ఇళ్ల గోడలమీద ఎర్రరంగు గీతలు కనిపించాయి. రోడ్డు వెడల్పు చేస్తారట. ఎంత వెడల్పో ఎవరికీ తెలియదు. నలభై అడుగులని ఒకరు, అరవై అని ఒకరు. మేం అయిదారుగురం కలిసి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడే. ప్లాను అంటించామనీ, అభ్యంతరాలు చెప్పుకునే గడువు దాటి మూడు వారాలైందనీ చెప్పాడు. ఎక్కడ అంటించారని అడిగితే నోటీసు బోర్డు చూపించాడు. బోర్డు నిజంగానే ఉన్నది. దానికి అడ్డంగా ఒక బీరువా కూడా ఉన్నది. నియమప్రకారం అంటించామని ఆయన మళ్లీ అన్నాడు. అందులో అబద్ధం లేదు కాబోలు.

వీధి మలుపులో దుకాణం గల పెద్దమనిషికి మాత్రం ఈ సంగతి ఆరునెలల ముందే తెలుసునని తరవాత తేలింది. ఆయన అప్పటికే వెనకవైపు స్థలం కొనేశాడు. ఆయన ఏ నోటీసు బోర్డూ చూడలేదు. ఆయనకు సమాచారం నడిచి ఇంటికి వచ్చింది. రోడ్డు ఏ వైపుగా పోతుందో, ఏ పొలం ఊళ్లో కలుస్తుందో ముందుగా తెలియటం నగరంలో ఆస్తి వంటిది; ఒక్కొక్కప్పుడు ఆస్తికన్న విలువైనది. స్థలాల వ్యాపారమంతా దీనిమీదనే నడుస్తుంది. అందుచేత సమాచారం లేదనే మాట సరికాదు. భూమి ఉన్నట్టే సమాచారమూ కొందరి దగ్గర పోగుపడి ఉన్నది. భూమిలేనివాడిది సోమరితనమని ఒకప్పుడు అన్నవాళ్లే ఇప్పుడు సమాచారం లేనివాడిది అశ్రద్ధ అంటున్నారు.

మన పురపాలక సంఘాలు పుట్టిన తీరులోనే దీనికి మూలం ఉన్నది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన గురించి తీర్మానం చేసినప్పుడుగాని, ఆ తరవాతగాని, ఓటు ఊళ్లో ఉండేవాళ్లందరిదీ కాదు, పన్ను కట్టేవాళ్లది. లెక్క చెప్పవలసి వస్తే వాళ్లకే చెప్పాలి. మిగిలినవాళ్లు పాలించబడేవాళ్లు. ఓటు అందరికీ వచ్చి ఇన్ని దశాబ్దాలైనా ఆఫీసుల అలవాటు అక్కడే ఉండిపోయింది. ఆ కాలంలోనే, 1874లో, కందుకూరి వీరేశలింగం "వివేకవర్ధని" పెట్టి, స్త్రీవిద్యతో పాటు ఊళ్లోని ఉద్యోగుల లంచగొండితనాన్ని కూడా బయటపెట్టాడు. ఆయన్ను వితంతువివాహాలకే పరిమితం చేసి పూజించేవాళ్లు ఈ సంగతి ఎక్కువగా ఎత్తరు.

తెలియకపోవటం ప్రాణాలమీదికి తెచ్చే సందర్భాలు కూడా ఉన్నవి. 2020 మే 7న తెల్లవారకముందు విశాఖపట్నంలో ఆర్.ఆర్. వెంకటాపురం పక్కనున్న ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీను ఆవిరి ఇళ్లమీదికి వచ్చింది. పన్నెండుమంది చనిపోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. తరవాత ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం విచారించి తేల్చినవాటిలో ఒకటి ఏమిటంటే, సైరను ఉన్నది, దాన్ని మోగించటానికి 36 చోట్ల ఏర్పాటు ఉన్నది, కాని అది మోగలేదు.

సైరను సంగతి అందరూ రాశారు. నన్ను బాధించేది అంతకన్న ముందున్న ప్రశ్న. ఆ రాత్రి సైరను మోగినా, అది దేనికి మోగుతున్నదో, ఏ దిక్కుకు పరుగెత్తాలో, ఇంట్లో తలుపులు మూసుకోవటం మంచిదో బయటపడటం మంచిదో ఎంతమందికి తెలిసి ఉండేది? ఆ కర్మాగారం 1961 నాటిది. ఊరు దాని చుట్టూ పెరిగింది. అందులో పనిచేసేవాళ్లూ, దాని ప్రహరీ నానుకుని టీ అమ్మేవాళ్లూ అక్కడివాళ్లే. ప్రక్కవాళ్లకు తెలియజెయ్యాలని చట్టం లేదా అంటే, ఉన్నది. 1984లో భోపాలులో జరిగిన ఘోరం తరవాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి 41బి అనే సెక్షను చేర్చారు. ప్రమాదకరమైన వస్తువులతో పనిచేసే కర్మాగారం యజమాని ఆ ప్రమాదాలను గురించీ, వచ్చినప్పుడు చెయ్యవలసినదాన్ని గురించీ కార్మికులకే కాక స్థానిక సంస్థకూ, చుట్టుపట్ల ఉండే ప్రజలకూ తెలియజెయ్యాలని అందులో ఉన్నది.

స్థానిక సంస్థ అంటే ఇక్కడ విశాఖ కార్పొరేషను. దానికి 2007లో ఎన్నికలు జరిగాయి. 2012లో పాలకవర్గం గడువు తీరింది. మళ్లీ ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. గడువు తీరేలోగా ఎన్నికలు జరపాలని 1993 నుంచి రాజ్యాంగంలోనే ఉన్నా, తొమ్మిదేళ్లపాటు అంత పెద్ద నగరానికి వార్డు సభ్యుడంటూ లేడు. కౌన్సిలు ఉండి ఉంటే ఆ ప్రమాదం తప్పేదని నేననను; ఉన్న కౌన్సిళ్లు ఏపాటివో మనం ఎరుగుదుం. కాని వెంకటాపురంలో ఒక మనిషికి ఆ ప్రహరీ వెనక ఏమున్నదని అనుమానం వస్తే, వీధిలో నిలబెట్టి అడగటానికి ఓట్లతో గెలిచిన మనిషి ఒక్కడు కూడా ఆ తొమ్మిదేళ్లూ లేడు.

ఇక్కడ ఒక వాదం ఎదురవుతుంది. "అన్నీ చెబితే జనం బెదిరిపోతారు, ఊళ్లు ఖాళీ చేస్తారు, పనులు ఆగిపోతాయి" అంటారు. చాలామంది అధికారులు దీన్ని చిత్తశుద్ధితోనే అంటారని నా నమ్మకం. అయినా ఇది ఒప్పుకోదగిన వాదం కాదు. నా పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టాలో నిర్ణయించుకునే హక్కు నాదైతే, ఆ చోటు ఎటువంటిదో నాకు చెప్పకపోవటం ఆ నిర్ణయాన్ని నా చేతిలోనుంచి లాక్కోవటమే. పైగా భయపడ్డ మనిషి ఎప్పుడూ పారిపోడు. పారిపోవటానికి పేదవాడికి మరో చోటుండదు. అతను అడుగుతాడు, నలుగుర్ని పోగుచేస్తాడు, సైరను పనిచేస్తున్నదో లేదో చూపించమంటాడు. ఈ అధికారులు శంకించేది మొదటి రకం భయాన్నా, రెండో రకాన్నా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఇంకొకరు, "2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది గదా, పదిరూపాయలు కట్టి అడుక్కోవచ్చు గదా" అంటారు. ఆ చట్టం చిన్నది కాదు. ఎందుకు అడుగుతున్నావని అడగరాదన్న ఒక్క నియమమే నూరేళ్ల ఆఫీసు పద్ధతిని తలకిందులు చేసింది. కాని అదే చట్టంలో నాలుగో సెక్షను ఒకటున్నది. ఎవరూ అడగకముందే చెప్పవలసినవి చెప్పాలని అది ఆదేశిస్తుంది. ఆఫీసులు దీన్ని కంప్యూటరులో కాగితాలు పడెయ్యటంతో సరిపెట్టుకుంటున్నవి. బీరువా వెనక బోర్డుకూ, ఎవరూ చదవలేని భాషలో రాసి ఎక్కడో దాచిపెట్టిన పట్టికకూ నాకు పెద్ద తేడా కనిపించదు.

అసలా చట్టం ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే తేడా తెలుస్తుంది. రాజస్థానులో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 డిసెంబరు నుంచి ఊళ్లలో సభలు పెట్టి కూలీల మస్టర్లను గట్టిగా చదివి వినిపించారు. చచ్చిపోయినవాళ్ల పేర్లూ, ఊళ్లో లేనివాళ్ల పేర్లూ వినపడేసరికి జనానికి ఆసక్తి ఎక్కడనుంచో తెప్పించనక్కరలేకపోయింది. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు కూచున్నారు. 2002లో ఢిల్లీలోని సుందర్ నగరి అనే బస్తీలో ఇదే పద్ధతిన కార్పొరేషను పనుల జాబితా చదివారు. కాగితంలో ఉన్న చేతిపంపులు కొన్ని వీధిలో లేవు. ఆ పంపుల దగ్గర నీళ్లు పట్టుకోవలసినవాళ్లే ఆ సభలో ఉన్నారు. 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ పనులకు పల్లెల్లో సామాజిక తనిఖీ పెట్టారు. చదువురాని కూలిమనిషి లేచి, "ఆ వారం నేను పనికి పోలేదు, నా పేరు ఎవరు రాశారు?" అని అడగగలిగింది. పల్లెకు ఉన్న ఈ పాటి ఏర్పాటు నగరానికి ఎందుకు లేదంటే ఎవరూ సరైన జవాబు చెప్పరు. నగరంలో జనం ఎక్కువని అంటారు, సొమ్ము కూడా ఎక్కువే గదా!

పత్రికల మాట చెప్పాలి. మన జిల్లా అనుబంధాలు కొంత మంచి చేశాయి. "ఈనాడు" 1989లో వీటిని మొదలుపెట్టాక పగిలిన కాలవలూ, వెలగని దీపాలూ అచ్చులోకి వచ్చాయి. కాని ఆ వార్త రాసే విలేకరుల్లో చాలామందికి జీతం లేదు. అచ్చయినదాన్ని కొలిచి డబ్బు ఇస్తారు. ప్రకటనలు తెస్తే కమిషను ఇస్తారు. పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన ఇచ్చే నాయకుడి గురించే అతను వార్త రాయాలి. అతన్ని నిందించటం సులభం, అతని స్థానంలో ఉండటం కష్టం. ఇక అపార్టుమెంట్ల వాట్సాప్ బృందాలున్నవి. వాటిలో సమాచారం జోరుగా నడుస్తుంది గాని, చాలాచోట్ల సొంతదారులకే ప్రవేశం; అద్దెకున్నవాళ్లూ, అక్కడ అంట్లు తోమేవాళ్లూ, వీధి ఊడ్చేవాళ్లూ నివాసుల కింద లెక్కకు రారు. పన్ను కట్టేవాడికే ఓటున్న రోజులు ఇలా చేతిఫోనులోకి తిరిగి వచ్చాయి.

పోతే, మన రచయితల సంగతి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు మొదటి మహాసభ జరుపుకున్ననాటినుంచి ప్రపంచంలో ఏ మూల అన్యాయం జరిగినా మనం స్పందించాం. అది తప్పుకాదు. కాని ఊళ్లో పన్నుల ఉపసంఘం సాహిత్యానికి తగిన వస్తువు కాదని మనకొక చిన్నచూపు ఉన్నది. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు గనక, కోర్టు మెట్లమీద కూచున్నవాళ్ల బతుకులు ఎరిగినవాడు గనక, సారా చట్టం పేదవాడిమీద ఎలా పనిచేస్తుందో "ఆరు సారా కథలు" మనకు తెలియజెప్పాయి. ఆ సమాచారం ఏ గెజెటులోనూ దొరకదు. మునిసిపల్ ఆఫీసు మెట్లమీద కూచుని రాసిన కథలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

నేను కూడా ఇన్నేళ్లలో ఒక్కసారన్నా కౌన్సిలు బడ్జెటు సమావేశం చూడటానికి పోలేదు. ఈ వ్యాసం మొదలుపెట్టాక సిగ్గుపడి, మా వార్డులో కిందటి సంవత్సరం చేసిన పనుల జాబితా ఇవ్వమని అర్జీ పెట్టాను. ముప్పైరోజుల గడువులో పద్దెనిమిది రోజులు గడిచాయి. జాబితా వస్తే కుళాయి దగ్గర చదివి వినిపించాలని ఉన్నది. ఏ గొట్టం వేశారో, ఏది వెయ్యలేదో నాకు తెలియదు, అక్కడివాళ్లకు తెలుసు.