పలకరించని పాపం

ఎనభైనాలుగేళ్ళ పెద్దమనిషి ఒకాయన జోస్యం చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్ళి తన భవిష్యత్తు చెప్పమంటాడు. నవ్వు రాదూ మరి? కానీ ఆలోచించండి, రేపనేది ఉందన్న నమ్మకం లేకపోతే ఏ వయసులోనైనా మనిషి పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాడా?

ఆ పెద్దమనిషి పేరు సాలమన్. ఫ్రెంచి రచయిత రొమేన్ గారీ 1979లో ఎమీల్ అజార్ అనే మారుపేరుతో రాసిన నవల్లో కథానాయకుడు. ఇంగ్లీషులో 'కింగ్ సాలమన్' పేరుతో చదివాను. పారిస్‌లో పాంట్ల వ్యాపారం చేసి బాగా గడించి, అది మానేశాక ముసలివాళ్ళకీ దిక్కులేనివాళ్ళకీ సాయం చేస్తుంటాడు. బతుకు విసిగినవాళ్ళు ఫోన్ చేస్తే ఓదార్చే ఏర్పాటు ఆయన ఇంట్లోనే ఉంది. కథ చెప్పేది జాన్ అనే టాక్సీ కుర్రాడు. మాటల అర్థాలకి డిక్షనరీలు తిరగేస్తూనే, మాటల్ని తలకిందులు చేసి మనల్ని నవ్విస్తాడు.

ఇంత దయగల మనిషికీ ఒకరి మీద ముప్ఫై ఏళ్ళు దాటిన కోపం! 1940-44 మధ్య పారిస్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, యూదుడైన సాలమన్ నేలమాళిగలో దాక్కున్నాడు. ఆయన ప్రేమించిన గాయని కోరా, నాజీల రహస్య పోలీసు గెస్టపోకి పనిచేసే ఒకడి మోజులో ఉంది. ఆవిడ ఒక్క మాట చెబితే ఈయన ప్రాణం పోయేది. చెప్పలేదు. అలాగని ఒక్కసారైనా వచ్చి పలకరించనూ లేదు. ఆయన మరిచిపోలేనిది ఈ రెండోదే!

ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. కీడు చెయ్యకపోతే మంచి చేసినట్టేనా? "నేనెవరి జోలికీ పోను" అని గొప్పగా చెప్పుకుంటాం. ఎవరి జోలికీ పోనివాళ్ళు ఎవరి గుమ్మానికీ పోరు కదా! పోనీ, ప్రాణం నిలిపిన మనిషి చూడ్డానికి రాలేదని అలగడం కృతఘ్నత కాదూ? కోర్టయితే కోరాదే న్యాయమంటుంది. మనసు మాత్రం అలా తీర్పు చెప్పదు.

తమాషా ఏమిటంటే, యుద్ధం తర్వాత చితికిపోయిన కోరాకి సాలమన్ జీవనానికి డబ్బు ఏర్పాటు చేస్తాడు. అయినా మనసు విప్పడు. ఆవిడ తనని ఎలా బతకనిచ్చిందో, తనూ ఆవిణ్ణి అలాగే బతకనిస్తున్నాడన్నమాట! ప్రాణం నిలపడం వేరు, పలకరించడం వేరు. రెండోదానికి ఖర్చు లేదు. అందుకేనేమో అంత కష్టం.

చివరికి ఇద్దరూ కలిసి నీస్ నగరానికి బయల్దేరతారు. తప్పెవరిదో తేలనే తేలదు. తేలేదాకా ఆగడానికి ఆ వయసులో వాళ్ళకి తీరిక లేదు. ఆ మాటకొస్తే, మనకి మాత్రం ఉందా?